మా మావయ్య ఆడని ఆట

పోయిన శ్రావణమాసంలో మా భాస్కరం మావయ్య కంటి ఆపరేషన్ కోసం పాలకొల్లు నుంచి రాజమండ్రి వచ్చి మా ఇంట్లో దిగాడు. దిగాడు అని రాయడం తేలిక. ఎనభైకి దగ్గరపడ్డా ఆరడుగుల నాలుగంగుళాలకి ఏమాత్రం తగ్గని మనిషి ఆటోలోంచి బయటికి రావడం మా వీధివాళ్ళు పని ఆపుకుని చూసిన దృశ్యం. శుక్లం తీసేసిన డాక్టరుగారు కంటికి కాస్త విశ్రాంతి ఇవ్వమన్నారు, అంతే. మావయ్య ఆ మాటని ప్రభుత్వ ఉత్తర్వులా పాటించాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే టీవీలో ప్రపంచ పురుషుల బాస్కెట్‌బాల్ పోటీలు మొదలయ్యాయి. చూస్తే ఉత్తర్వు ఉల్లంఘన, వినకపోతే ప్రాణం నిలవదు. అందుకని రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే హాల్లో కుర్చీ వేయించుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, టీవీకి వీపు చూపిస్తూ గోడకేసి తిరిగి కూర్చునేవాడు. వెనకాల జరుగుతున్నదేమిటో నేను చెప్పాలి. కాలేజీలో జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పుకున్నదాన్ని. ఆ ఆట గురించి నాకు తెలిసిందల్లా బంతి బుట్టలో పడితే ఒక పక్షం వాళ్ళు సంతోషిస్తారని.

కామెంటరీ చెప్పేవాడు గొంతు చించుకుంటూనే ఉన్నాడు కదా, మళ్ళీ నేనెందుకని అడిగాను. "వాడు బంతి ఎక్కడుందో చెబుతాడు అమ్మడూ, మనుషులెక్కడున్నారో చెప్పడు," అన్నాడు మావయ్య. ఆయన అడిగే మనుషులు మైదానంలో పరిగెడుతున్నవాళ్ళు కూడా కారని రెండో రోజుకి నాకు అర్థమైంది. పక్కన బెంచీ మీద కూర్చున్నవాళ్ళ సంగతి అడిగేవాడు. ఆ చివరివాడు ఏం చేస్తున్నాడు, పైన వేసుకున్న జాకెట్ విప్పాడా, అలాగే ఉంచుకున్నాడా. ఒకసారి, గోళ్ళు కొరుక్కుంటున్నాడని చెప్పాను. మావయ్య గోడకేసి తల ఊపి, అయితే ఇవాళ తనని దింపుతారని ఆశపడుతున్నాడన్నమాట అన్నాడు. ఇలా అన్న మనిషి, మా నరసాపురం లెక్క ప్రకారం, అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ వీరుడు. యాభై ఏళ్ళకి పైగా ఆ బిరుదుని వదిలించుకోవాలని చూస్తూనే ఉన్నాడు. బిరుదు ఆయన్ని వదల్లేదు. అది ఆయనకి ఎలా అంటుకుందో నేను పక్కనే ఉండి చూశాను గనక, చెప్పే అధికారం నాకుందనుకుంటాను.

మా నాన్నగారిది బదిలీల ఉద్యోగం. ఊరు మారినప్పుడల్లా బడి మారిస్తే పిల్లకి చదువు అబ్బదని నన్ను నరసాపురంలో అమ్మమ్మ దగ్గర ఉంచారు. ఆ ఇంట్లో రోజు నస్యం వాసనతో మొదలయ్యేది. కోర్టులో శిరస్తాదారుగా చేసి రిటైరైన తాతయ్య తెల్లారకుండానే వీధి అరుగు మీదికి చేరి, వెండి డబ్బాలోంచి చిటికెడు పీల్చి, ఇల్లంతా అదిరేలా తుమ్మేవారు. అది విని అందరం లేచేవాళ్ళం. ఆ వెనకే వంటింట్లోంచి కాఫీగింజలు వేగుతున్న వాసన, కుంపటి పొగ. వానాకాలంలో గోదావరి నీళ్ళు ఎర్రమట్టి కలుపుకుని వచ్చేవి. అమ్మమ్మ ఇండుపగింజని రాతి మీద అరగదీసి గంగాళంలో కలిపి వదిలేస్తే, సాయంత్రానికి మట్టంతా అడుక్కి దిగి నీళ్ళు తేటపడేవి. ఆ నీళ్ళకి ఒక రుచి ఉండేది. ఇప్పుడు మా వంటింటి గోడకి తగిలించిన మిషన్‌లోంచి వచ్చే నీళ్ళకి ఏ రుచీ ఉండదు. అదే దాని గొప్పతనమని అమ్మినవాడు చెప్పాడు. సాయంత్రం గాలి రేవు వైపునుంచి తిరిగితే ఎండుచేపల వాసన ఇంట్లోకి వచ్చేది. అమ్మమ్మ విసుక్కుంటూ తూర్పు కిటికీలు మూసేది. పక్కింటి మరియమ్మగారు తన అరుగు మీద కూర్చుని లేసు అల్లుకుంటూ, చేపలేమీ మీ ఇంటికి రాలేదు కదండీ, వచ్చింది గాలేగా అని నవ్వేది. ఆవిడ చేతిలో కొక్కెం సూది లేకుండా నేనెప్పుడూ చూడలేదు. మాట్లాడుతున్నా, పిల్లల్ని కసురుతున్నా, ప్రార్థన చేసుకుంటున్నా వేళ్ళు మాత్రం దారాన్ని తిప్పుతూనే ఉండేవి.

తాతయ్య కోర్టు వదిలినా కోర్టు ఆయన్ని వదల్లేదు. ఇంట్లో ఎవరు ఏ మాట అన్నా దానికి సాక్ష్యం కావాలి. పెళ్ళికి ఊరంతా వచ్చారని అమ్మమ్మ అంటే, "ఊరంతానా? పోస్టుమాస్టరు వచ్చాడా? రాలేదు కదా. మరి ఊరంతా ఎలా అవుతుంది?" అని అడిగేవారు. కూర అద్భుతంగా ఉందని చుట్టాలెవరైనా మెచ్చుకుంటే, ఉప్పు సరిపోయింది అని సవరించేవారు. అలాంటి ఇంట్లో మావయ్య పెరిగాడు, అదీ పైకి. గుమ్మం దాటినప్పుడల్లా తల వంచాల్సి రావడంతో వాడికి వినయం అలవాటైపోయిందని అమ్మమ్మ అనేది. మంచం చాలక కాళ్ళ దగ్గర స్టూలు వేసుకుని పడుకునేవాడు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు కృష్ణమూర్తిగారు ఒక పెళ్ళిలో నిచ్చెన లేకుండానే పందిరికి మామిడాకులు కడుతున్న కుర్రాణ్ణి చూసి, మర్నాడే మా పెరట్లోకి వచ్చి, పాత పీపాకున్న ఇనపకట్టు ఊడదీసి కొబ్బరిచెట్టుకి కొట్టి వెళ్ళారట. నాకు ఊహ తెలిసేసరికి ఆ చెట్టు కింద నేల సిమెంటులా గట్టిపడిపోయి ఉంది. పొద్దుటా సాయంత్రం బంతి చప్పుడు. గురి తప్పినప్పుడల్లా కొబ్బరిపిందెలు రాలేవి. చెట్టు కాపు తగ్గిందన్న సంగతి తాతయ్య గమనించారు గానీ, కొడుక్కి గురి కుదిరిందన్న సంగతి గమనించలేదు.

డిగ్రీ ఆఖరు పరీక్ష, రాష్ట్ర జట్టు ఎంపిక ఒకే రోజున వచ్చాయి. మావయ్య ఎంపికకి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి తాతయ్య ఆయనతో మాటలు మానేశారు. ఇంట్లో కోపతాపాలు లేవు, కేకలు లేవు. మాటలు మాత్రం నా మీదుగా నడిచేవి. ఎదురుగా కూర్చుని భోంచేస్తున్న కొడుకుని చూస్తూ, అతనికి మజ్జిగ కావాలేమో అడుగు అని నాతో అనేవారు. నేను మావయ్య వైపు తిరిగి అదే మాట అడిగి, ఆయన వద్దంటే ఆ జవాబు తాతయ్యకి చేరవేసేదాన్ని. ముగ్గురం ఒకే వరండాలో, ఒకరి విస్తరి ఒకరికి అందేంత దగ్గరలో కూర్చునే ఈ వ్యవహారం జరిగేది. పదేళ్ళ పిల్లకి అంత ముఖ్యమైన ఉద్యోగం దొరకడం గొప్పే కాబట్టి నాకేమీ బాధగా ఉండేది కాదు. రాత్రి పడుకునేముందు మాత్రం మావయ్య ఒక్కోసారి, ఇవాళ నాన్నగారు నా గురించి ఇంకేమైనా అడిగారా అని నన్ను అడిగేవాడు. మజ్జిగ సంగతే అడిగారని చెప్పేదాన్ని.

ఆ రోజుల్లో ఒక టెలిగ్రాం వచ్చింది. ఆసియా దేశాల పురుషుల బాస్కెట్‌బాల్ పోటీలకి విదేశం వెళ్తున్న భారత జట్టులో మావయ్య పేరుంది. పన్నెండుమందిలో పన్నెండో పేరు. ఆ పన్నెండో అన్న మాట మావయ్య మొదటి రోజునుంచీ అందరికీ చెబుతూనే ఉన్నాడు. ఊరు వినిపించుకోలేదు. అప్పటిదాకా మా ఊరినుంచి సముద్రం దాటిన ఘనత లేసుకీ ఎండురొయ్యలకీ మాత్రమే దక్కింది. మొదటిసారి ఒక మనిషి వెళ్తున్నాడు. పోటీలు జరిగే నగరం పేరు అమ్మమ్మకి నోరు తిరగలేదు. అంతర్వేది దగ్గర పడవెక్కి తిన్నగా తూర్పుకి పోతే వచ్చే ఊరని నిశ్చయించుకుంది. ఇప్పుడు అట్లాసు చూస్తే ఆవిడ మరీ అంత తప్పు చెప్పలేదనిపిస్తుంది. జట్టు కోటు ఎవరి కొలతలతో వాళ్ళు కుట్టించుకు రమ్మన్నారు. మా టైలరు స్టూలు ఎక్కి కొలతలు తీసుకున్నాడు, అయినా చేతులు పొట్టివయ్యాయి. ఆ సంగతి కనబడకుండా మావయ్య చేతులు వెనక్కి కట్టుకుని నిలబడటం మొదలుపెట్టాడు. పేపర్లో పడిన ఫోటో చూసి, ఎంత హుందాగా నిలబడ్డాడో చూడండని జనం మెచ్చుకున్నారు.

ప్రతి ఆటకి ముందు రెండు జట్లూ ఎదురెదురుగా నిలబడి చిన్న చిన్న కానుకలు ఇచ్చిపుచ్చుకుంటారని, అందుకని ఏవైనా తెచ్చుకోవాలని కూడా పైనుంచి కబురు వచ్చింది. మిగతావాళ్ళు జెండా బిళ్ళలు, తాళపుగుత్తులు పట్టుకెళ్ళారట. అమ్మమ్మ మరియమ్మగారిని సలహా అడిగింది. "అంత పొడుగు మనుషులకి మనమేం ఇవ్వగలమండీ. పెళ్ళాలుంటారుగా, బల్ల మీద పరుచుకుంటారు," అని ఆవిడ వీధిలో ఆడవాళ్ళని పోగేసి గుండ్రటి లేసు ముక్కలు అల్లించింది. తమలపాకంత ఉన్నవి, పళ్ళెమంత ఉన్నవి, అన్నీ మల్లెపూవులా తెల్లగా ఉన్నాయి. బయల్దేరే రోజున మావయ్య తాతయ్య కాళ్ళకి దండం పెట్టాడు. తాతయ్య నా వైపు చూసి, రైల్లో కిటికీ పక్కన కూర్చోవద్దని చెప్పు, కళ్ళల్లో బొగ్గు పడుతుంది అన్నారు. నేను చెప్పాను. మావయ్య అలాగే అన్నాడు. ఆశీర్వచనం అంతటితో పూర్తయింది.

మా ఇంట్లో రేడియో ఉంది. కానీ కొడుకు ఆట సంగతి వింటుండగా ఇంట్లోవాళ్ళు చూస్తే తాతయ్య పట్టుదలకి భంగం. అందుకని పోటీలు మొదలైన రోజునుంచి సాయంత్రం కాగానే నా చెయ్యి పట్టుకుని రెండు వీధుల అవతల ఉన్న డాక్టరుగారింటికి బయల్దేరేవారు. ఇంగ్లీషు వార్తలు వింటే పిల్లకి ఉచ్చారణ బాగుపడుతుందని అమ్మమ్మకి కారణం చెప్పారు. డాక్టరుగారి వరండాలో కర్రకుర్చీ అంచున కూర్చుని, చేతికర్ర మీద గడ్డం ఆనించి, దేశదేశాల సంగతులన్నీ ఓపికగా విని, ఆఖర్న వచ్చే ఆటల వాక్యం కోసం ఆగేవారు. ఆ వాక్యంలో గెలిచారనో ఓడారనో, ఎన్ని పాయింట్ల తేడా అనో ఉండేది. మనుషుల పేర్లు ఉండేవి కావు. ఒకరోజు ఆయన నాతో కాకుండా నేరుగా రేడియోతోనే, పేర్లు చెప్పరేం అన్నారు. రేడియో వాతావరణం చెప్పింది. మర్నాడు వచ్చే పేపర్లో ఆటల పేజీ మా ఇంట్లో పుస్తకాలకి అట్టలు వెయ్యడానికే పనికొచ్చేది. ఆ వారంలో దాన్ని తాతయ్య పంచాంగం మాటున పెట్టుకుని చదవడం నేను చూశాను. ఎవరెవరు ఎన్ని పాయింట్లు చేశారో అందులో ఉండేది. మావయ్య పేరు ఏ రోజూ లేదు. తాతయ్య ఎవరితోనూ ఏమీ అనలేదు. తుమ్ములు మాత్రం తగ్గాయి. అమ్మమ్మ జలుబు నయమైందనుకుంది.

మావయ్య తిరిగొచ్చిన రోజున స్టేషన్లో సన్నాయి మేళం పెట్టారు. జీపులో నిలబెట్టి ఊరేగించారు. కరెంటు తీగలు అడ్డొచ్చినప్పుడల్లా ఆయన వంగుతుంటే, తమకే నమస్కారం చేస్తున్నాడనుకుని మేడల మీద జనం తిరిగి దండాలు పెట్టారు. సాయంత్రం టౌన్‌హాల్లో సన్మానం. అధ్యక్షులు రైసుమిల్లు యజమాని. ముఖ్య వక్త డ్రిల్లు మాస్టారు. ఆయన శిష్యుడి మీద ప్రేమకొద్దీ మైదానం మొత్తాన్ని మా కళ్ళముందు పెట్టారు. భాస్కరం ఎగిరితే అవతలి జట్టు కళ్ళు మూసుకుందని, అతను విసిరిన బంతి బుట్టలో పడగానే ఆ దేశపు రాజుగారు సింహాసనం మీంచి లేచి నిలబడ్డారని చెప్పారు. ఆ దేశంలో రాజు లేడని ముందు వరసలో కూర్చున్న తాతయ్యకి తెలుసు. ఆయన చేతికర్ర నేలకేసి ఒకసారి కొట్టారు గానీ, సన్మాన సభల్లో అభ్యంతరం చెప్పే ఏర్పాటు ఉండదు. జనం మధ్యలోంచి ఎవరో బాస్కెట్ భాస్కరం అని అరిచారు. ఆ పేరు ఆ పూటే స్థిరపడిపోయింది.

మావయ్య వంతు వచ్చింది. మెడలో గడ్డం దాకా దండలు. మైకు ఆయన నడుము దగ్గర ఆగిపోయింది, పైకి లేవలేదు. వంగి మాట్లాడాడు. "మాస్టారు పొరపాటు పడ్డారండి. నేను ఒక్క ఆట కూడా ఆడలేదు. పన్నెండోవాణ్ణి. మొదట్నుంచీ చివరిదాకా బెంచీ మీదే కూర్చున్నాను."  హాల్లో చప్పట్లు మొదలయ్యాయి. రైసుమిల్లు యజమాని కళ్ళు తుడుచుకుంటూ లేచి, నిండుకుండలాంటి మనుషులు ఇలాగే మాట్లాడతారని సభకి వివరించాడు. మావయ్య మళ్ళీ మైకు దగ్గరికి వంగి, ఇది వినయం కాదండీ, నిజం అన్నాడు. చప్పట్లు రెట్టింపయ్యాయి. ఎవరో ఇంకో దండ తెచ్చి వేశారు. తన చేతిలో ఉన్న ఒక్క నిజమైన ఘనత కూడా ఆయన చెప్పాడు: ప్రతి ఆటకి ముందు వరసలో నిలబడి లేసు మాత్రం తప్పకుండా ఇచ్చాననీ, అవతలి జట్టులో ఒకతను దాన్ని టోపీ అనుకుని నెత్తిన పెట్టుకుంటే ఆ ఊరి పేపర్లో ఫోటో వేశారనీ. వెనక వరసలో కూర్చున్న మరియమ్మగారు తప్ప ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడ ఆ తర్వాత చాలాకాలం, అతను టోపీగా పెట్టుకున్న ముక్క ఎవరు అల్లిందో తేల్చుకోవడానికి తోటివాళ్ళతో వాదిస్తూనే ఉంది.

ఇంటికి రిక్షాలో వచ్చాం. తాతయ్య ఒక పక్క, మావయ్య ఒక పక్క, మధ్యలో నేను, నా ఒడినిండా చామంతి దండలు. మరువం వాసన ముక్కుకి గుచ్చుకుంటోంది. రిక్షా కాలవ వంతెన ఎక్కుతుండగా తాతయ్య నాతో, అక్కడ చెప్పిన మాట నిజమేనా అడుగు అన్నారు. నేను ఇంకా తల తిప్పకముందే మావయ్య, "నిజమే నాన్నగారూ," అన్నాడు.

తాతయ్య కాసేపు కాలవకేసి చూశారు. తర్వాత నన్ను దాటి సూటిగా కొడుకునే అడిగారు. "ఒక్క నిమిషమైనా దింపలేదా?"

"లేదండి."

"ఎందుచేత?"

"నాకంటే బాగా ఆడేవాళ్ళు ఉన్నారండి."

తాతయ్య నస్యం డబ్బా తీశారు. మూత తియ్యకుండా చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు. రిక్షా వంతెన దిగాక, "వాళ్ళకి బుద్ధి లేదు," అన్నారు.

జీవితమంతా సాక్ష్యం అడిగిన మనిషి, బాస్కెట్‌బాల్ ఆట ఒక్కసారైనా చూడని మనిషి, ఏ ఆధారమూ లేకుండా ఇచ్చిన తీర్పు నాకు తెలిసి అదొక్కటే.  మావయ్య మొహం రోడ్డు వైపు తిప్పుకున్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర తాతయ్య, ఒరే, మజ్జిగ పోసుకో అని నేరుగా అన్నారు. నా ఉద్యోగం పోయింది.

ఆ తర్వాత నిజానికీ మావయ్యకీ మధ్య ఊరు అడ్డంగా నిలబడిపోయింది. ఎక్కడ ఏ ఆటలపోటీ జరిగినా ముఖ్య అతిథి ఆయనే. ప్రతి చోటా లేచి తాను ఆడలేదని చెప్పేవాడు, ప్రతి చోటా దానికి చప్పట్లు పడేవి. కొన్నాళ్ళకి ఆ వాక్యం వినడానికే పిలుస్తున్నారని మాకు అనుమానం వచ్చింది. పాలకొల్లులో పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు నేనూ వెళ్ళాను. పెళ్ళికూతురి తండ్రి అప్పటికే తన వీధిలో అందరికీ అంతర్జాతీయ అల్లుడు వస్తున్నాడని చెప్పుకున్నాడు. ఫలహారాలు పెట్టారు. నేను సున్నుండ తింటూ పెళ్ళికూతురి పక్కన చేరాను. ఆవిడ పేరు రత్నం. మావయ్య గొంతు సవరించుకుని, పెద్దలందరూ వింటుండగా, తాను అక్కడ ఆడలేదనీ, ఈ సంగతి ముందే తెలియడం మంచిదనీ చెప్పాడు. కాబోయే మావగారు పకపకా నవ్వి, విన్నాం బాబూ మీ వినయం గురించి అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. తల వంచుకుని ఉన్న రత్నం నవ్వలేదు. మెల్లిగా తలెత్తి, "మరి అన్ని రోజులూ అక్కడ ఏం చేశారండి?" అని అడిగింది.

ఆ ప్రశ్న మావయ్యని అప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఆయన కాస్త తడబడి, ఆఖరు ఆట సంగతి చెప్పాడు. ఆట ఇంకాసేపట్లో ముగుస్తుందనగా కోచ్ వెనక్కి తిరిగి తన కేసి చూసి చెయ్యి చాచాడట. ఈయన లేచి జాకెట్ విప్పేశాడు. "తువ్వాలు ఇమ్మన్నాడండి," అన్నాడు మావయ్య. అది గొప్ప హాస్యంలా తోచి పెద్దలు మళ్ళీ నవ్వారు.

"ఇచ్చారా?" అంది రత్నం.

"ఇచ్చానండి."

"జాకెట్ మళ్ళీ వేసుకున్నారా, అలాగే కూర్చున్నారా?"

 నేను సున్నుండ నమలడం ఆపేశాను. "అలాగే కూర్చున్నానండి. మళ్ళీ వేసుకోబుద్ధి కాలేదు," అన్నాడు మావయ్య చివరికి.  రత్నం వంటింట్లోకి వెళ్ళి తల్లితో తనకి ఇష్టమేనని చెప్పింది. అంతర్జాతీయ వీరుణ్ణి చూసి ఒప్పుకుందని ఆ ఇంట్లోవాళ్ళంతా అనుకున్నారు. నేను పెద్దదాన్నయ్యాక ఒకసారి అత్తయ్యని అడిగితే, "గొప్ప చెప్పుకోవాలనుకున్నవాడు తువ్వాలు దగ్గరికి రాడమ్మా. అది జరిగితేనే తప్ప నోటికి వచ్చే మాట కాదు," అంది.

వినయసంపన్నుడైన అంతర్జాతీయ క్రీడాకారుడన్న పేరు మీదే ఆయనకి ఒక కాలేజీలో ఆటల మాస్టారు ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో కూడా ఆడలేదనే చెప్పాడు. రిటైరయ్యేదాకా కుర్రాళ్ళకి ఆట నేర్పాడు, బాగానే నేర్పాడు. కానీ ఆయన దగ్గర ఒక నియమం ఉండేది. ఏ పోటీ అయినా, గెలుస్తున్నా ఓడుతున్నా, ఆట ముగిసేలోగా బెంచీ మీద ఉన్న ప్రతివాడూ మైదానంలోకి దిగాల్సిందే. వాళ్ళ కాలేజీ చాలాసార్లు ఫైనల్ దాకా వెళ్ళింది, ఆ కారణంగా ఒక్కసారీ కప్పు తేలేదు. ఒక ఏడాది గెలుపు చేతిలోకి వచ్చాక ఆఖరున దించిన కుర్రాడు కంగారులో బంతిని తమ బుట్టలోనే వేసేశాడు. కాలేజీ యాజమాన్యం సంజాయిషీ అడిగింది. దింపకపోతే ఆ పిల్లాడు ఇంటికెళ్ళి అమ్మకి ఏం చెప్పుకుంటాడండీ అని మావయ్య రాసి ఇచ్చాడు. ఇందులో ఏదో అంతర్జాతీయ వ్యూహం ఉంటుందని, అది తమకి అర్థమయ్యే స్థాయి కాదని యాజమాన్యం సర్దుకుంది. ఓడిపోవడానికి కూడా పేరు పనికొచ్చిన మనిషిని నేను ఇంకెవర్నీ చూడలేదు.

తాతయ్య పోయారు, అమ్మమ్మ పోయింది. అత్తయ్య పోయి రెండేళ్ళు దాటింది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ మావయ్యకి ఒక సౌకర్యం ఉండేది. బయట ఎన్ని దండలు వేసినా ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, పన్నెండోవాడిగా కూర్చోవచ్చు. ఆవిడ పోయాక ఆయన ఆ బెంచీ కబుర్లు ఎక్కువగా చెబుతున్నాడని పాలకొల్లులో ఉన్న కూతురు నాతో అంది. బహుశా ఎవరో ఒకరు నమ్మాలని.

టీవీలో పోటీలు అయిపోయాయి. కళ్ళద్దాలు తీసెయ్యవచ్చని డాక్టరుగారు చెప్పిన రోజునే నరసాపురం నుంచి ఇద్దరు యువకులు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ముప్ఫైల్లో ఉంటారు, మంచి మర్యాద తెలిసినవాళ్ళు. దారిలో ఆత్రేయపురం పూతరేకులు కూడా తెచ్చారు. ఊళ్ళో కొత్తగా ఇండోర్ కోర్టు కట్టారట, భాస్కరంగారి చేతుల మీదుగా ప్రారంభం చేయించాలట. వాళ్ళలో వంశీ అనే అతను ఫోనులో ఫ్లెక్సీ నమూనా తెరిచి మావయ్య చేతికిచ్చాడు. పాత ఫోటోకి రంగులు వేశారు. చేతులు వెనక్కి కట్టుకున్న ఇరవైల మావయ్య, కింద పెద్ద అక్షరాలతో, ఆసియాని గడగడలాడించిన మన భాస్కరం. ఆపరేషన్ అయ్యాక ఆయన ఎవరి సాయమూ లేకుండా స్పష్టంగా చదివిన మొదటి వాక్యం అదే.

చదివి, ఫోను తిరిగి ఇచ్చి, "నేను అక్కడ ఆడలేదు బాబూ," అన్నాడు.

నేను వంటింటి గుమ్మంలో కాఫీ గ్లాసులతో ఆగిపోయాను. ఇప్పుడు నవ్వుతారు, పెద్దల గొప్పతనం అంటారు, లేచి కాళ్ళకి దండం పెడతారు అనుకున్నాను. యాభై ఏళ్ళుగా అదే చూశాను. వంశీ నవ్వలేదు. "అవునా అండి?" అన్నాడు శ్రద్ధగా. "అంటే టీమ్‌లో ఉన్నారు గానీ గ్రౌండ్‌లోకి దిగలేదా?"

"దిగలేదు."

"ఒక్క మ్యాచ్ కూడా?"

"ఒక్కటి కూడా."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఇంకెవరికీ ఇలా ఉన్నదున్నట్టు చెప్పే మనసు ఉండదని, ముందే చెప్పడం మంచిదయిందని, ఫ్లెక్సీ కట్టాక ఎవడో ఒకడు తవ్వి తీసి నెట్‌లో పెడితే అందరికీ ఇబ్బందయ్యేదని వంశీ ఎంతో గౌరవంగా చెప్పాడు. కాఫీ బాగుందన్నాడు. కమిటీలో ఒకమాట అనుకుని ఫోన్ చేస్తామండీ అని సెలవు తీసుకున్నారు. పూతరేకులు మాత్రం ఉంచే వెళ్ళారు.

రెండు రోజులకి ఫోన్ వచ్చింది. స్పీకరులో పెట్టమన్నాడు మావయ్య. ప్రారంభం రొయ్యల ఎగుమతి చేసే ఒక పెద్దమనిషి చేత చేయిస్తున్నారట. ఆయనకి ఆటతో సంబంధం లేదు గానీ, లేదని అందరికీ తెలుసు కాబట్టి ఏ ఇబ్బందీ లేదు. మీరు తప్పకుండా రావాలండీ, ముందు వరసలో కుర్చీ వేయిస్తాం అన్నాడు వంశీ. "కూర్చోడానికేం బాబూ, వస్తాను," అన్నాడు మావయ్య. గొంతులో ఏ తేడా లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ టౌన్‌హాలు జనాన్ని ఇన్నేళ్ళూ నేను మనసులో వెక్కిరిస్తూ వచ్చాను, చెవులున్నా వినలేని అమాయకులని. వాళ్ళు ఆయన మాట నమ్మలేదు, నమ్మకుండానే నెత్తిన పెట్టుకున్నారు. ఇప్పటివాళ్ళు చక్కగా విన్నారు, ఒక్క అక్షరం పోకుండా నమ్మారు, ఒక్క అబద్ధం ఆడలేదు. తప్పు పట్టడానికి ఎక్కడా సందు లేదు. ఆ సందు లేకపోవడమే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. ఆ మాటే మావయ్యతో అన్నాను, కాస్త గట్టిగానే అన్నాను.

ఆయన కాఫీ తాగుతూ విన్నాడు. "ఆ కుర్రాణ్ణి ఏమీ అనకు అమ్మడూ. ఇన్నేళ్ళబట్టి చెబుతున్నాను. మా నాన్నగారూ, మీ అత్తయ్యా తర్వాత నా మాట నమ్మింది వాడొక్కడే," అన్నాడు.

 ఆయన గ్లాసులో మిగిలిన గుక్క కూడా తాగి, గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"నమ్మడానికే కాస్త తొందరపడ్డాడు," అన్నాడు.